బాగ్‌బేరాలో సొమ్ములు

జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. కొలుములూ, పొగగొట్టాలూ, షిఫ్టులకు పరుగులు తీసే కార్మికులూ కళ్ల ముందు మెదులుతారు. కాని టాటానగర్ స్టేషనుకు చేరువలో, ఖర్కాయి నది దిక్కున ఉన్న బాగ్‌బేరాలో తెల్లవారుజామున నన్ను నిద్రలేపినది ఒక మేకపిల్ల అరుపు.

ఈ ఉక్కునగరపు కథ ఒక ఉత్తరంతో మొదలయింది. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని 1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ జంషెడ్‌జీ టాటాకు వ్రాశాడు. 1907లో కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారయింది. 1919లో సాక్చీ గ్రామం జంషెడ్‌పూర్‌గా, కాలిమాటి స్టేషను టాటానగర్‌గా పేర్లు మార్చుకున్నాయి. ఉక్కును ఇచ్చిన ఆ కొండ పేరులో గోవూ మహిషమూ రెండూ వినిపించడం అనువాదకుడినైన నాకు వింతగా తోస్తుంది.

ఆ ఉక్కు వెంట, రైలు పట్టాల వెంట శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. మా పెద్దమ్మగారిది అటువంటి కుటుంబమే. పెదనాన్నగారు రైల్వేలో పనిచేసి కాలం చేశారు. ఆయన కట్టిన చిన్న ఇంటి వెనుక పెద్దమ్మకు ఒక పాక ఉన్నది. అందులో ఒక ఆవు, అయిదు నల్లమేకలు, కొన్ని కోళ్లు.

ఆ పాక గురించే ఇంట్లో తగవు. దానిని పడగొట్టి రెండు గదులు వేసి అద్దెకు ఇవ్వాలని తమ్ముడి కోరిక. "అన్నయ్యా, నీవు చదువుకున్నవాడివి. అమ్మకు నీవే నచ్చజెప్పాలి" అన్నాడు. అతని వాదనలో న్యాయం లేకపోలేదు. మేత బయళ్లు ఇళ్లయిపోయాయి. వీధిలోకి వదిలితే పశువు ప్లాస్టిక్ సంచులు తింటుంది. గడ్డి కొనాలి. డెబ్బై ఏళ్లు దాటిన తల్లి తెల్లవారకముందే లేచి పేడ ఎత్తవలసి వస్తున్నది.

నేను ఆ మాటలే చక్కగా పేర్చి చెప్పాను. పెద్దమ్మ బియ్యం కడిగిన నీళ్లలో తవుడు కలుపుతూ అంతా విన్నది. "అయిందా బాబూ? మరి ఆ ఏడు సంగతేటి?" అన్నది.

ఆ ఏడు అంటే 2020. మార్చి చివరి వారంలో దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. స్టేషనును నమ్ముకుని బతికే బాగ్‌బేరాలో అటువంటి నిశ్శబ్దం ఎవరూ ఎరుగరు. వలస కార్మికులతో తొలి శ్రామిక రైలు మే 1న బయలుదేరినది మన తెలంగాణలోని లింగంపల్లి నుండే. చేరవలసినది ఇదే జార్ఖండ్‌లోని హటియాకు. ఈ రెండు తేదీల నడుమ తమ్ముడికి జీతం రాలేదు. ముందు గదిలో అద్దెకున్నవాడు అద్దె ఇవ్వలేకపోయాడు.

"రైళ్లు ఆగిపోనాయి గాని నా ఆవు ఆగిందేటి?" అన్నది పెద్దమ్మ. పూటకు రెండు లీటర్ల పాలు. సగం ఇంటికి, సగం పసిపిల్లలున్న ఇరుగుపొరుగులకు. గ్యాసు అయిపోయిన వారం పిడకల మీద వంట. జూన్‌లో రెండు మేకలు అమ్మి మందులూ బియ్యమూ తెచ్చుకున్నారు. ఆ మేకలు ఈ తూర్పు ప్రాంతానికే చెందిన నల్ల బెంగాల్ జాతివి. చిన్నవి, పాలు కొద్ది. కాని అయిదు నెలలు మోసి తరచు కవల పిల్లలను ఈనుతాయి. పేదవాని ఇంట అవి నడిచే బ్యాంకు.

నాకు అలెగ్జాండర్ సెల్‌కిర్క్ గుర్తుకు వచ్చాడు. 1704లో పసిఫిక్ సముద్రంలోని ఒక నిర్జన ద్వీపంలో దిగబడి నాలుగేళ్లకు పైగా ఒంటరిగా బతికిన స్కాట్లండు నావికుడతడు. పూర్వం నావికులు విడిచిన మేకలు అతనికి మాంసమూ, పాలూ, తొడుక్కోవడానికి తోళ్లూ ఇచ్చాయి. రాత్రిపూట పాదాలు కొరికే ఎలుకల నుండి పిల్లులు కాపాడాయి. 1719లో డిఫో వ్రాసిన రాబిన్‌సన్ క్రూసో కథకు అతని అనుభవమూ ఒక ఆధారమంటారు. మనం ఆ నవల చదివి మానవుని సాహసాన్ని మెచ్చుకుంటాం. మేకలను మరచిపోతాం.

మనిషి గడ్డి తిని బతకలేడు. నెమరువేసే జంతువు కడుపులోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును విడగొడతాయి. అదే పాలుగా, కండగా, దుక్కి దున్నే బలంగా మారుతుంది. మనకు పనికిరాని ఆకూ, పొట్టూ, కుడితీ అన్నంగా మార్చే ఈ యంత్రానికి విద్యుత్తు అక్కరలేదు. బజారు మూతపడ్డ నాడు దాని విలువ తెలుస్తుంది.

నేను వెళ్లినది దీపావళి దినాలలో. సింగ్‌భూమ్ ప్రాంతపు సంతాల్, హో, కుడ్మి కుటుంబాలకు అది సొహ్రాయ్, బాందనా పండుగల సమయం. పొరుగింటివారు ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, సిందూరం పెట్టి పూజించారు. మన కనుమ పండుగే రెండు నెలలు ముందుగా వచ్చినట్లున్నది. పెద్దమ్మ కూడా తన ఆవుకు బొట్టు పెట్టి, "సొమ్ములకు పండగ నాడు కడుపు నిండాల" అంటూ అరిసె తినిపించింది.

ఉత్తరాంధ్రలో పశువులను సొమ్ములంటారు. సొమ్మంటే ధనమే కదా! ఆంగ్లంలో పశువులను తెలిపే కేటిల్ అనే మాటకూ, మూలధనమనే అర్థంగల కాపిటల్ అనే మాటకూ లాటిన్‌లో పుట్టిల్లు ఒక్కటే. మనవారు పంట కంటె ముందు పాడిని నిలిపి పాడిపంటలన్నారు. ఇరవయ్యేళ్లుగా అనువాదాలు చేస్తున్న నాకు ఈ మాటలు తెలియనివి కావు. వాటి బరువు మాత్రం ఆ పాకలోనే తెలిసింది.

నేను బయలుదేరిన ఉదయం తమ్ముడు కొలత టేపుతో పాక చుట్టూ తిరుగుతున్నాడు. స్తంభాలు వేసి గదులు పైన కట్టి, కింద పాకను అలాగే ఉంచవచ్చునేమోనని ఆలోచిస్తున్నాడట. పెద్దమ్మ వినీ విననట్లు పాలు పితుకుతున్నది.