జడావీ అంగూఠీకి జోడీ ఛల్లా

మన ఇళ్లలో నికాహ్ నిశానీ ఉంగరం కాదు, కాలీ పోత్ కా లచ్ఛా. మా అమ్మీ మెడలో నల్లపూసలు చూస్తూ పెరిగాను గానీ, ఏ దుల్హన్ వేలికీ 'వెడ్డింగ్ బ్యాండ్' చూడలేదు. మంగ్నీ రోజు కాబోయే అత్తగారు వచ్చి అంగూఠీ తొడిగి, నోట్లో మిఠాయి పెడతారు. ఉంగరం ముచ్చట అక్కడితో ఖతం. ఈ రెండో ఉంగరం సంగతి హైటెక్ సిటీ ఆఫీసుల్లోంచి మన పిల్లలతో ఇంటికొచ్చింది. 'పరాయి రివాజు మనకెందుకు?' అని మా ఖాందాన్‌లో బుజుర్గులు నొసలు చిట్లించారు. రాయి లేని సాదా ఉంగరాన్ని ఉర్దూలో ఛల్లా అని ఎప్పటి నుంచో అంటున్నాం కదా. ఛల్లా తొడుక్కుంటే దీన్‌కు వచ్చిన ఖత్రా ఏముంది?

మా ఆపా కూతురు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తుంది. షవ్వాల్‌లో మంగ్నీ అయింది. అబ్బాయి వాళ్లు తమ దాదీ వేసుకున్న అంగూఠీ తెచ్చి తొడిగారు. పాత జడావీ పని. మధ్యలో చిన్న పచ్చ, చుట్టూ సాన పట్టని వజ్రపు పలుకులు. దానికి జోడీగా నికాహ్‌కు ఒక ఛల్లా కావాలని బిటియా కోరిక. 'మామూ, నువ్వు పక్కనుంటే వాళ్లు లెక్క సరిగ్గా చెబుతారు' అని నన్ను వెంట తీసుకుపోయింది.

మొదట ఆమె ఆఫీసుకు దగ్గర్లోని ఒక మాల్‌కు వెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి ఎంతో తమీజ్‌గా మాట్లాడింది. పద్దెనిమిది కారట్‌లో, చుట్టూ ల్యాబ్ వజ్రాలు పొదిగిన బ్యాండ్లు వరుసగా పరిచింది. ఒక్కటీ పాతదాని పక్కన కూర్చోలేదు. జడావీ ఉంగరం తల వెడల్పు, అంచు కిందికి దిగి ఉంటుంది. తిన్నని బ్యాండ్ పెడితే మధ్యలో సందు. రంగు కూడా వేరే. 'దీన్ని ఎక్స్‌చేంజ్ చేయండి మేడమ్, రాళ్ల బరువు తీసేసి బంగారానికి కడతాం' అంది ఆ అమ్మాయి. బిటియా చెయ్యి వెనక్కి లాక్కుంది. తులం లక్ష దాటిన రోజుల్లో పాత నగను ఎవరైనా కరిగే బంగారంగానే చూస్తారు. ఆ అమ్మాయి నౌకరీ అది.

ఆ ఇత్వార్ రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి ఎంజీబీఎస్‌లో దిగాం. అక్కడి నుంచి ఆటోలో గుల్జార్ హౌజ్. ఒక మేడమీద దుకాణంలో ముసలి కారీగర్ అద్దం కన్నుకు పెట్టుకుని ఉంగరాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. ముందు అడిగిన మాట డిజైన్ గురించి కాదు. 'బేటీ, వుజూ చేసేటప్పుడు దీన్ని తీస్తావా?' అన్నాడు.

కుందన్ పనిలో రాయి వెనక మెరుపు రేకు పెట్టి, మేలిమి బంగారంతో చుట్టూ అదిమి మూసేస్తారు. లోపల లక్క ఉంటుంది. నీళ్లు లోపలికి దిగితే రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది. సైజు పెంచుదామని మంట చూపిస్తే లక్క కరుగుతుంది. ఇటు చూస్తే, బిగుతుగా ఉన్న ఉంగరాన్ని కదిలించి కింది చర్మానికి నీళ్లు అందిస్తేనే వుజూ పూర్తవుతుంది. ఆఫీసు వాష్‌బేసిన్ దగ్గర రోజుకు రెండు మూడుసార్లు తీసి పర్సులో వేస్తే ఏదో ఒక రోజు పోవడం ఖాయం. అంటే దాదీ అంగూఠీ ఈద్‌కీ, దావత్‌లకీ. రోజూ వేలికి ఉండేది ఛల్లా.

అక్కడే మా లెక్క మారింది. ఛల్లా ఒంటరిగానూ బాగుండాలి, జోడీగానూ కుదరాలి. రాళ్లు వద్దన్నాడు ఉస్తాద్. పక్క ఉంగరాన్ని అవి కోసేస్తాయట. పద్దెనిమిది కారట్ గట్టిది, పాత మెత్తటి బంగారాన్ని రాస్తుంది, ఇరవై రెండే మంచిదన్నాడు. అంగూఠీ అంచును మైనం మీద అద్ది, ఆ వంపుకు రాగి తీగతో నమూనా చేసి ఇచ్చాడు. నాలుగు రోజులు తొడుక్కుని చూడమన్నాడు. దూల్హాకు బంగారం హరామ్ కాబట్టి అతనికి వెండిది. హనఫీ ఉలమా ఒక మిస్‌ఖాల్ లోపే ఉండాలంటారు, అంటే సుమారు 4.37 గ్రాములు.

అసలు ముష్కిల్ ఇంటికొచ్చాక మొదలైంది. దాదీ అంగూఠీ ఎవరిది? మంగ్నీలో తొడిగారు గానీ, 'ఇక ఇది నీదే' అని ఎవరూ అనలేదు. హిబా అయితే ఇజాబ్, ఖుబూల్, ఖబ్జా ఉండాలి. వాడుకోమని ఇస్తే అది ఆరియత్, మన ఇళ్లలో అమానత్ అంటాం. చడావా నగల మీద తగాదా వస్తే ముఫ్తీ సాబ్‌లు ఇచ్చేటప్పుడు ఏమన్నారనీ, ఆ ఖాందాన్‌లో రివాజు ఏమిటనీ అడుగుతారు. ఫ్యామిలీ కోర్టు వరండాల్లో రిపోర్టింగ్ చేసిన సంవత్సరాల్లో ఆ జవాబు రెండు వైపులా రెండు రకాలుగా వినడం నాకు అలవాటే. జకాత్ ఎవరు కట్టాలన్నదీ మాలిక్ ఎవరో తేలితేనే తేలుతుంది.

ఆపా మాత్రం అడగనివ్వలేదు. 'సమ్‌ధన్ ఏమనుకుంటారో, రిష్తా చెడుతుందేమో' అని భయం. చివరికి బిటియానే కాబోయే సాస్‌కు ఫోన్ చేసి అడిగేసింది. ఆవిడకు నారాజీ ఏమీ రాలేదు. 'అది మా సాస్ అమానత్ బేటీ. నేను దాచాను, నువ్వు దాచు, రేపు నీ బహుకు ఇవ్వు. అమ్మే హక్కు నాకూ లేదు, నీకూ లేదు' అన్నారు. ఆ మాట విని మా ఆపా ముఖం చిన్నబోయింది గానీ, నాకు సుకూన్ దొరికింది. తెలిసింది కదా!

'అయితే ఛల్లా నా మెహర్‌లో రాయించండి మామూ' అంది బిటియా. నగద్‌గా ఇచ్చే మెహర్, ఆమె సొంత మిల్కియత్. చేతిలో ఏమీ లేని ఒక సహాబీ నికాహ్ కోరితే, ఇనుప ఉంగరమైనా దొరుకుతుందేమో చూడమని హుజూర్ (స) అన్న హదీస్ బుఖారీలో ఉంది. అదీ దొరకలేదు, అతనికి వచ్చిన ఖుర్‌ఆనే మెహర్ అయింది. పరాయి రివాజు అన్న బుజుర్గులకు ఈ హదీస్ గుర్తుచేస్తే ఇంకేమీ అనలేదు. అబ్బాయి వాళ్లు మజూరీ, తరుగుతో సహా ఛల్లా ఖరీదు తామే ఇస్తామన్నారు. సియాహాలో బరువు, కారట్ రాయాలి కాబట్టి ముందే చెప్పమన్నారు ఖాజీ సాబ్.

రబీఉల్ ఆఖిర్‌లో నికాహ్. ఛల్లా లోపలివైపు హాల్‌మార్క్ గుర్తు, 22కె916, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ పోగా మిగిలిన చోట హిజ్రీ సాల్ మాత్రమే పడుతుందన్నాడు ఉస్తాద్. 1447 అని ఉర్దూ అంకెల్లో కావాలంది బిటియా. ఆమెది ఇంగ్లిష్ మీడియం, అందుకని కాగితం నా ముందుకు తోసింది. నేను రాసిచ్చిన చీటీ చూసి ఉస్తాద్ కళ్లద్దాలు సర్దుకుని, 'ఈ నాలుగు ఉర్దూదే ఉంచనా, అరబ్బీది చెక్కనా?' అని అడిగాడు. ఉర్దూదే ఉంచమన్నాను.