పాత గిటారు

పాతబడినంతమాత్రమున వస్తువు పనికిమాలినది కాదు. దానిని బాగుచేయ పూనుకొనువాడు దేనిని మార్చవలెనో, దేనిని ముట్టక విడువవలెనో ముందుగా తెలిసికొనవలెను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ అను పట్టణము కలదు. అచ్చట లియో ఫెండర్ 1938లో రేడియోలు బాగుచేయు దుకాణమును తెరచెను. ఆయనకు గిటారు వాయించుట రాదు. అయినను ఆయన సంస్థ 1950లో వెలువరించిన విద్యుత్ గిటారు లోకమంతట వ్యాపించెను. 1951లో దానికి టెలికాస్టర్ అను పేరు స్థిరపడెను. దాని దేహము గుల్ల లేని కొయ్యపలక. దండిని దానికి నాలుగు మరలతో బిగించిరి. అవి విప్పినచో దండి ఊడివచ్చును. మరమ్మతులోని కష్టము నెరిగినవాడు చేసిన వాద్యమది.

అట్టి పాత గిటారు నొకదానిని ఒక యువకుడు ఆ రాష్ట్రములోనే ఒక మరమ్మతు శాలకు తెచ్చెను. అది ఆతని తండ్రిది. ఏండ్ల తరబడి పెట్టెలో పడియుండి మూగవోయినది. మెట్లు అరిగి పల్లములు పడినవి. మోచేయి ఒరసిన చోట రంగు పోయి కొయ్య కనబడుచుండెను.

“అయ్యా, దీనిని క్రొత్తదానివలె చేయుడు. రంగు కూడ వేయుడు” అని ఆతడు కోరెను.

వృద్ధుడైన పనివాడు వెంటనే బదులు పలుకలేదు. తంతులు విప్పి, వాద్యము మూగవోయిన కారణమును వెదకసాగెను.

విద్యుత్ గిటారునకు గొంతు వంటిది పికప్ అను చిన్న పరికరము. అయస్కాంతముల చుట్టు వెండ్రుక వంటి రాగితీగను వేల చుట్లు చుట్టి దానిని చేయుదురు. ఉక్కు తంతి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము మారి ఆ తీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే దీనికి ఆధారము. ఆ విద్యుత్తును యాంప్లిఫయరు పెంచగా మనకు నాదము వినబడును. తీగ లోపల తెగినచో చుట్టంతయు తీసివేసి క్రొత్త తీగ చుట్టవలసివచ్చును. అప్పుడు పాత నాదమే తిరిగి వచ్చునని ఎవరును చెప్పజాలరు.

భూతద్దముతో చూడగా, వెలుపలి కొసయందు, టంకము వేసిన చోటనే తీగ చిలుము పట్టి తెగియుండెను. పనివాడు ఊపిరి బిగబట్టి ఒక్క చుట్టు మాత్రము విప్పి, ఆ కొసను మరల టంకముతో అతికెను. మీటరు ముల్లు కదలెను. ఆతని ముఖము వికసించెను.

తరువాత అరిగిన మెట్లను తీసి క్రొత్తవి అమర్చెను. బొత్తాములలో చేరిన దుమ్మును తొలగించెను. రంగును మాత్రము ముట్టలేదు.

“నాయనా! అరిగిన మెట్టు స్వరమును చెరచును, కావున మార్చితిని. రంగు పోయిన ఈ చోటు దేనిని చెరచుచున్నది? ఇది మీ తండ్రిగారి చేయి చేసిన గుర్తు. రంగు నేడైనను రేపైనను వేయవచ్చును. గీకివేసినదానిని మాత్రము నేను తిరిగి తేలేను” అనెను.

యువకుడు గిటారును ఒడిలోనికి తీసికొని తంతిని మీటెను. చిన్ననాట ఇంట వినిన నాదమే అది! ఆతని మోచేయి తనంతట తానే ఆ రంగు పోయిన చోట ఆనెను. రంగు మాట ఆతడు మరల ఎత్తలేదు.