రూతు అనే చిన్న పేరు

మా నాయనమ్మ పేరు రూతమ్మ. 'అమ్మ' తీసేస్తే మిగిలేది రెండక్షరాలే. మేము చదివే తెలుగు బైబిల్లో స్త్రీల పేర్లతో ఉన్న గ్రంథాలు రెండే రెండు: రూతు, ఎస్తేరు. రూతు గ్రంథంలో ఉన్నవి 4 అధ్యాయాలే.

బేత్లెహేములో కరువు వస్తే నయోమి భర్తతో, ఇద్దరు కొడుకులతో మోయాబు దేశానికి వలస వెళ్ళింది. అక్కడ భర్త చనిపోయాడు. కొడుకులు ఆ దేశపు అమ్మాయిలను పెళ్ళాడారు. పదేళ్ళు గడిచేసరికి వాళ్ళూ పోయారు. నయోమి సొంతూరికి బయల్దేరుతూ, కోడళ్ళను పుట్టింటికి వెళ్ళిపొమ్మంది. ఓర్పా ఏడుస్తూ వెనక్కి వెళ్ళింది. రూతు మాత్రం అత్తను వదల్లేదు.

వాళ్ళు చేరేసరికి యవల కోతలు మొదలయ్యాయి. పొలంలో పరిగెను పేదలకూ పరదేశులకూ వదిలెయ్యాలని అక్కడి ధర్మశాస్త్రం. రూతు పరిగె ఏరి అత్తను పోషించింది. తర్వాత ఆ పొలం యజమాని బోయజును పెళ్ళాడింది. దావీదు రాజు ఆమెకు మునిమనవడు.

రూతు అంటే హీబ్రూలో 'స్నేహితురాలు' అని చాలామంది చెబుతారు. 'దాహం తీరడం' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని మరికొందరు పండితుల మాట. ఇంగ్లీషులో 'జాలి' అనే అర్థంలో ఉన్న రూత్ వేరే పదం. అది ఇప్పుడు 'రూత్‌లెస్' అనే మాటలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

తాతయ్య పోయాక అమ్మ నాయనమ్మను మాతో రమ్మంది. "బైబిల్లో కోడలు అత్త వెంట వెళ్ళింది. ఇక్కడ అత్త కోడలి వెంట" అని నాయనమ్మ నవ్వుతుంది. నాన్నకు బదిలీ అయిన ప్రతిసారీ ఆమె కూడా పెట్టె సర్దుకుంటుంది. హిందీ రాదు. అయినా పక్క క్వార్టరు ఆంటీకి కరివేపాకు ఇచ్చి, వాళ్ళింటి పచ్చడి తెచ్చుకుంటుంది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు గంటసేపు మాట్లాడుకుంటారు!

కథలో మమ్మల్ని ఆలోచింపజేసింది ఒకటుంది. బేత్లెహేముకు వచ్చాక కూడా రూతును చాలాసార్లు 'మోయాబీయురాలు' అనే అంటారు. కొత్త బడిలో మమ్మల్నీ కొన్ని నెలలు 'మద్రాసీ' అనే పిలిచారు. మా పేర్లు ఎవరూ అడగలేదు. అందుకే మా తరగతిలోకి ఎవరు కొత్తగా వచ్చినా, ఏ ఊరని అడిగేముందు మేము పేరు అడుగుతాం. ఆ పేరుకు అర్థమేమిటనీ అడుగుతాం. స్నేహం అక్కడే మొదలవుతుంది.