పాత కారుకు వెచ్చటి ఊపిరి

అంబాసిడర్‌ కారు తెలియని తెలుగిల్లు ఉండదు. పెళ్లికొడుకుని ఊరేగించిందీ అదే, కలెక్టరుగారు దిగిందీ అందులోంచే. మండుటెండలో అద్దాలన్నీ దించేసి, వెనకసీట్లో ఐదారుగురు ఇరుక్కుని, ఉసూరుమంటూ చుట్టాలింటికెళ్లిన వాళ్లెందరో! అలాంటి కారుకి హీటరంటే నవ్వొస్తుంది. కానీ దాని పుట్టింట్లో సంగతి వేరు. అక్కడ చలికాలం వచ్చిందంటే, హీటరున్న కారుగలవాడే మారాజు.

ఆ పుట్టిల్లు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌ నగరాన్ని ఆనుకుని ఉన్న కౌలీ. 1956 నుంచి 1959 దాకా అక్కడ తయారైన మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ సిరీస్‌-3 కారే మన దేశంలో అంబాసిడరై, 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయేదాకా తిరుగులేకుండా తిరిగింది. అక్కడి పాత కార్ల అభిమానులు ఇప్పటికీ మోరిస్‌ బండ్లను ప్రాణంగా చూసుకుంటారు. ఇంజిన్‌ బాగుచేస్తారు, రంగులేస్తారు, సీట్లు కుట్టిస్తారు. చివరికి ఒకచోట ఆగిపోతారు. అసలు హీటరేదీ?

పాత ఇనుము తిరునాళ్లు

దాన్ని వెతుక్కుంటూ వాళ్లు చేరే చోటు బ్యూలీ. దక్షిణ ఇంగ్లండులో, హాంప్‌షైర్‌ కౌంటీలో ఉన్న చిన్న పల్లె. 1204లో కింగ్‌ జాన్‌ ఇక్కడో క్రైస్తవ మఠం కట్టించాడు. ఫ్రెంచిలో ఆ పేరుకు ‘అందమైన చోటు’ అని అర్థం. రాసిన అక్షరాలు చదివితే ‘బోల్యూ’ అనాలనిపిస్తుంది, ఊళ్లోవాళ్లు మాత్రం ‘బ్యూలీ’ అంటారు. లండన్‌ వాటర్లూ స్టేషన్లో రైలెక్కి బ్రోకెన్‌హర్స్ట్‌లో దిగితే, అక్కడినుంచి కొద్ది మైళ్ల రోడ్డు ప్రయాణం. దారంతా న్యూ ఫారెస్ట్‌ అడవే. పేరులో ‘కొత్త’ ఉన్నా, విలియం ది కాంకరర్‌ వేట కోసం దాన్ని ప్రత్యేకించింది 11వ శతాబ్దంలో! గుర్రప్పిల్లల్లా కనిపించే పోనీలు రోడ్డుకడ్డంగా నింపాదిగా నిలబడతాయి. ఎంత ఖరీదైన కారైనా వాటికి దారివ్వాల్సిందే.

ఈ ఊరి జమీందారు లార్డ్‌ మాంటేగు, మోటారు కార్లంటే పడిచచ్చిన తన తండ్రి జ్ఞాపకార్థం 1952లో సొంత భవనం హాల్లోనే కొన్ని పాత కార్లు పెట్టి జనానికి చూపించాడు. అదే పెరిగి పెరిగి 1972లో నేషనల్‌ మోటార్‌ మ్యూజియం అయింది. ఇప్పుడక్కడ 250కి పైగా వాహనాలున్నాయి. 1967లో ఆయనే పాత విడిభాగాల సంతకూ శ్రీకారం చుట్టాడు. దానిపేరు ‘ఆటోజంబుల్‌’. ఏటా సెప్టెంబరులో పచ్చికబయళ్ల నిండా దుకాణాలు వెలుస్తాయి. తుప్పుపట్టిన దీపాలు, స్టీరింగు చక్రాలు, హారన్లు, నంబరు ప్లేట్లు... గుట్టలుగుట్టలు. మన గుజిలీ బజారును ఇంగ్లండు అడవిలో పరిచినట్టుంటుంది.

అక్కడ హీటర్ల కోసం వచ్చినవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. చేతిలో కొలతటేపు, జేబులో పాత ఫొటో, మరో చేతిలో టార్చిలైటు. ఆ రోజుల్లో చాలా కార్లకు హీటరు అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిన సరుకు. అందుకే అన్ని కార్లకూ ఉండేది కాదు, ఉన్నవి తుప్పుపట్టాక పారేసినవాళ్లూ ఎక్కువే. స్పీడోమీటర్లకు పేరుపడ్డ స్మిత్స్‌ కంపెనీ హీటర్లంటే అందుకే అంత గిరాకీ.

పంక్చరు షాపు కిటుకు

ఆ పెట్టెలో పెద్ద మర్మమేమీ లేదు. ఇంజిన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీళ్లు గొట్టం ద్వారా ఓ చిన్న రేడియేటర్లోకి వస్తాయి. దాని వెనకున్న ఫ్యాను గాలిని కారులోకి తోస్తుంది. కొంత కాళ్లకు, కొంత ముందు అద్దానికి. అద్దానికెందుకంటారా? చలిలో నలుగురు కూర్చుని ఊపిరి తీస్తే అద్దం మంచుపట్టినట్టు మసకబారుతుంది. దారే కనిపించదు. హీటరు సుఖానికే కాదు, ప్రాణానికీ అవసరమే అన్నమాట.

బాగుచేయడం మొదలయ్యేది శుభ్రంతోనే. దశాబ్దాల తుప్పు బురదలా పేరుకుని ఉంటుంది. నీళ్లు బయటికెళ్లే దారిలోంచే లోపలికి పంపిస్తే ఆ బురద ఎదురుతిరిగి కొట్టుకొస్తుంది. తర్వాత ఒక గొట్టం మూసేసి, రేడియేటరును నీళ్లతొట్టిలో ముంచి, రెండోవైపు నుంచి నెమ్మదిగా గాలి కొడతారు. ఎక్కడ బుడగలొస్తే అక్కడ చిల్లు. మన సైకిల్‌ షాపులో ట్యూబు పంక్చరు చూసే పద్ధతే! చిల్లుకు టంకం పెడితే సరి. రాగి, ఇత్తడి కాబట్టి టంకం చక్కగా పడుతుంది. మన ఆటోనగర్లలో రేడియేటర్లు బాగుచేసేవాళ్లకు ఈ విద్య కొట్టినపిండి.

ఎక్కువ హీటర్లు పాడయ్యేది వాడకంతో కాదు, మరుపుతో. చలికాలంలో కారు నిలిపేసేటప్పుడు ఇంజిన్‌లోని నీళ్లన్నీ తీసేశామనుకుంటారు. హీటర్లో కొన్ని నీళ్లు మిగిలిపోతాయి. అవి గడ్డకట్టి, ఉబ్బి, సన్నటి గొట్టాలను చీల్చేస్తాయి. అందుకే నీళ్లు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్‌ కలపడం తప్పనిసరి.

ఫ్యాను మోటారుకూ ఓ చిక్కుంది. ఆనాటి బ్రిటిష్‌ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్‌ తీగను కారు బాడీకి కలిపేవారు. ఇప్పటి పద్ధతిలో నెగటివ్‌కు మార్చితే, అయస్కాంతంతో తిరిగే కొన్ని మోటార్లు వెనక్కి తిరుగుతాయి. ఫ్యాను హోరుమంటుంది, గాలి మాత్రం సరిగా రాదు. పాత అట్టల్లో, పొరల్లో ఆస్బెస్టాస్‌ ఉండే ప్రమాదమూ ఉంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అందుకే తెలిసినవాళ్లు అనుమానమున్న ముక్కను ముట్టుకోకుండా నిపుణులకే అప్పగిస్తారు.

ఇంత కష్టమెందుకు, కొత్త హీటరు బిగిస్తే పోలేదా? పోతుంది. వెచ్చదనం ఇంకా ఎక్కువే వస్తుంది. కానీ అసలు పెట్టె పెట్టుకున్నవాడికి ఆనాటి మనుషులు ఎలా బతికారో కూడా తెలుస్తుంది. ఈ మోరిస్‌ కార్లలో వేసవి రాగానే బానెట్‌ ఎత్తి, ఇంజిన్‌ మీదున్న చిన్న కుళాయిని చేత్తో కట్టేయాలి. చలి మొదలవగానే మళ్లీ తిప్పాలి. కారు యజమాని ఏడాదికి రెండుసార్లు రుతువును చేత్తో మార్చేవాడన్నమాట.

తెలుగునాట ఆ కుళాయితో ఎవరికీ పనిపడలేదు. అత్తారింటికొచ్చిన పిల్ల పుట్టింటి ఉన్ని కోటును అక్కడే వదిలేసినట్టు, అంబాసిడర్‌ మన ఎండల్లో హీటరు ఊసే మరిచిపోయింది. బ్యూలీ సంతలో తుప్పుపట్టిన ఆ పెట్టెను పసిబిడ్డలా గుడ్డలో చుట్టి తీసుకెళ్లేవాళ్లకు మాత్రం అసలు పరీక్ష జనవరిలో ఉంటుంది. తెల్లారుజామున ఇంజిన్‌ వేడెక్కేదాకా కాసేపు ఆగాలి. తర్వాత మీట నొక్కితే ముందు కాస్త పాత దుమ్ము వాసన, ఆపైన గోరువెచ్చటి గాలి. మసకబారిన అద్దం మీద అరచేయంత మేర తేటపడుతుంది. అందులోంచి రోడ్డు కనిపిస్తుంది. ఇక బయల్దేరడమే.