ఆజానుబాహువుల అవస్థ

మన పురాణాలలో మహాపురుషులను 'ఆజానుబాహులు' అని వర్ణించడం పరిపాటి. మోకాళ్లను తాకే చేతులు ఉత్తమ పురుష లక్షణమట. అయితే ఆ కవులెవ్వరూ తమ నాయకుణ్ణి బల్లమీద వెల్లకిలా పరుండబెట్టి, బరువులు తగిలించిన ఇనుప కడ్డీని ఛాతీ వరకు దించి పైకెత్తమని అడుగలేదు. అడిగి ఉంటే ఆ విశేషణాన్ని కొంత ఆచితూచి వాడేవారేమో!

మా అన్నగారి అబ్బాయి సూరత్‌లో ఉద్యోగి. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, చేతులు అందుకు తగినట్లే ఉంటాయి. డుమస్ వెళ్లే దారిలోని ఒక జిమ్‌లో రెండేళ్లుగా సాధన చేస్తున్నాడు. అతనితోపాటు సాధన చేసే మిత్రుడు తెలంగాణ నుండి వచ్చి సూరత్‌లో మరమగ్గాల పనిలో స్థిరపడిన పద్మశాలీ కుటుంబంలోనివాడు. పొట్టి, గట్టి మనిషి. బెంచ్ ప్రెస్‌లో ఆ మిత్రుడు 100 కిలోలు దాటగా మనవాడు 70 దగ్గరే ఆగిపోయాడు. "నీ ఒడ్డూ పొడుగూ దీనికి పనికిరావు" అని శిక్షకుడు తేల్చివేశాడట. పంతంకొద్దీ బరువు పెంచి, భుజం నొప్పి తెచ్చుకుని, మేము సూరత్ వెళ్లేనాటికి సాధనకే స్వస్తి చెప్పే ఆలోచనలో ఉన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురమూ డుమస్ సముద్రతీరానికి వెళ్లాము. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. వేడివేడి టమాటా బజ్జీలు తింటుండగా "బాబాయ్, నా చేతులే నాకు శత్రువులయ్యాయి" అన్నాడు మావాడు. మాకు తెలిసిన విద్య ఒక్కటే గనుక తడి ఇసుకపై లెక్క వేశాము. 100 కిలోల బరువును 35 సెంటీమీటర్లు ఎత్తడానికి సుమారు 343 జౌళ్ల పని అవసరం. అదే బరువును 50 సెంటీమీటర్లు ఎత్తాలంటే 490 జౌళ్లు. బరువు ఒక్కటే, పని మాత్రం నలభై శాతానికి పైగా ఎక్కువ! పైగా దండచేయి పొడవైనకొద్దీ భుజం కీలుపై పడే భ్రామకం కూడా పెరుగుతుంది. కనుక కిలోల అంకెలను మాత్రమే పక్కపక్కన పెట్టి మనిషిని తూచడం సరికాదని మా అభిప్రాయం.

లెక్క ఓదార్పునిస్తుంది గాని బరువునెత్తదు. ముందు వైద్యునికి చూపించి, భుజం కుదుటపడే వరకు ఆగమన్నాము. ఆ తరువాత చేయవలసింది దూరాన్ని న్యాయంగా తగ్గించుకోవడం. రెక్క ఎముకలను వెనక్కు, కిందికి లాగి బల్లకు అదిమితే ఛాతీ పైకి లేస్తుంది. పాదాలు నేలపై గట్టిగా ఆనాలి. పట్టు కొంత వెడల్పు చేస్తే కడ్డీ ప్రయాణం తగ్గుతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీలలో చూపుడువేళ్ల మధ్య 81 సెంటీమీటర్ల వరకు అనుమతి ఉంది. కాని మితిమీరిన వెడల్పు మళ్లీ భుజానికే చేటు. మోచేతులను బార్లా చాపక కొద్దిగా పక్కటెముకల వైపు ఉంచి, కడ్డీని ఛాతీ దిగువభాగానికి దించాలి. వెడల్పు పట్టు లాభం స్నాచ్‌లో మరింత స్పష్టం. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి 110 కిలోలు స్నాచ్ చేసినప్పటి పట్టును చూసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

మిగిలినది కండ. పొడవైన ఎముకపై అదే కండ పలుచగా కనిపిస్తుంది గనుక పొడగరి ఎక్కువ తినాలి, ఎక్కువ కాలం ఓపిక పట్టాలి. మోస్తరు బరువుతో ఎక్కువ సెట్లు, ఛాతీపై ఒక క్షణం ఆపి ఎత్తడం, దండచేయి వెనుక కండకు ఇరుకు పట్టు ప్రెస్, వీపుకు రోయింగ్ — ఇవీ మేము రాసిచ్చినవి. మన తాలింఖానాల దండీలు కూడా చేర్చాము. జిమ్ కుర్రాళ్లకు అవి నామోషీ!

డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం కథ తలకిందులవుతుంది. చేయి పొడవైతే కడ్డీ ఎక్కవలసిన ఎత్తు తగ్గుతుంది. 1985లో తన శరీర బరువుకు అయిదు రెట్లు డెడ్‌లిఫ్ట్ చేసిన అమెరికన్ లామార్ గాంట్ పొడగరి కాకపోయినా, చేతులు మాత్రం అసాధారణంగా పొడవు.

ఏడాది గడిచింది. మనవాని బెంచ్ ప్రెస్ 85 కిలోలకు చేరింది, మిత్రునిది 115. డెడ్‌లిఫ్ట్‌లో మనవాడు 170, మిత్రుడు 145. మొన్న ఫోనులో ఆ మిత్రుడే అడిగాడు: "బాబాయి గారూ, చేతులు పొడవయ్యే ఉపాయం ఏదైనా ఉందాండీ?"