కాంప్లెక్స్ సమావేశంలో ఒక పరిశోధన పత్రం

భోజనాలయ్యాక హైస్కూలు గదిలో బెంచీలు గుండ్రంగా జరిపారు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశం అది. సర్క్యులర్లు, యాప్‌ల సంగతులు పొద్దున్నే ముగిశాయి. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నది రెండు పేజీల తెలుగు సారాంశం. లెక్కల స్కూల్ అసిస్టెంట్ ఒకాయన ఇంగ్లిషు పత్రం చదివి స్వయంగా రాసుకొచ్చారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనమది. 2010లో ‘ఎకనామిక్ జర్నల్’లో అచ్చయింది. కొన్ని బడుల్లో ఏడాది మొదట్లోనే పరీక్ష పెట్టి, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో, ఎలా సరిదిద్దవచ్చో టీచర్లకు నివేదికలిచ్చారు. పరిశీలకులు తరగతిలో ఉన్నప్పుడు ఆ టీచర్లు మరింత శ్రద్ధగా బోధించారు. ఏడాది చివర మాత్రం ఆ పిల్లలకు, నివేదికలు అందని బడుల పిల్లలకు మార్కుల్లో తేడా కనిపించలేదు.

“అంటే తప్పు మాదేనంటారా సార్?” అన్నారు ఒక ఎస్‌జీటీ మేడమ్.

“అలా ఎక్కడా లేదు మేడమ్. కాగితం ఒక్కటే చాలలేదు, అంతే” అని ఆయన బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు: ఎవరి మీద చేశారు? దేనితో పోల్చారు? ఏం కొలిచారు?

ఆ పరిశోధకులదే 2011 నాటి మరో పత్రం చర్చకు వచ్చింది. పిల్లల ఫలితాలను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో, రెండేళ్లకు లెక్కల మార్కులు బోనస్ లేని బడుల కన్నా 0.27 ప్రామాణిక విచలనం ఎక్కువగా వచ్చాయి. ఈ 0.27 ఎంత? వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే, కింది నుంచి 50వ చోట ఉన్న పిల్ల దాదాపు 61వ చోటికి చేరినట్టు. అంకె అర్థమయ్యాక వాదన మొదలైంది. బోనస్ లేకుండా ఆ మార్పు రాదా అని ఒకరు, ఏకోపాధ్యాయ పాఠశాలలో సాధ్యమేనా అని మరొకరు.

ఇలాంటి పత్రాలు వెతికే దారీ చెప్పారు లెక్కల సార్. జర్నల్‌లో డబ్బు కట్టి చదవాల్సిన పత్రానికి చాలాసార్లు రచయితల వెబ్‌పేజీలో ఉచిత ప్రతి దొరుకుతుంది. ముందు సారాంశం, తర్వాత ఫలితాల పట్టికలు చూడాలి. అన్నిటికన్నా ముందు మన తరగతి నుంచి ఒక ప్రశ్న ఉండాలి. మూడో తరగతి పిల్లలు అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర ఎందుకు ఆగిపోతున్నారన్నది వచ్చే సమావేశానికి వాళ్లు ఎంచుకున్న ప్రశ్న.

మన బడుల్లో పుట్టిన జ్ఞానం మన టీచర్లకే అందకపోవడం అన్యాయం. అందించడమంటే పత్రం పంచి వదిలేయడం కాదని ఆ మొదటి అధ్యయనమే చెబుతోంది. కలిసి చదివి, ప్రశ్నించి, తరగతిలో ప్రయత్నించి, మళ్లీ మాట్లాడుకునే ఈ గంటకు ప్రతి కాంప్లెక్స్ ఎజెండాలోనూ చోటుండాలి.