తెల్లారకముందే టకటక!

కోడి కూతతో నిద్రలేచే పల్లెలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. కానీ వానాకాలం వచ్చిందంటే తేలుకుంచిలో కోడి కూతను పట్టించుకునేవారు ఉండరు. అది గొంతు సవరించుకునేలోపే చింతచెట్ల మీద వందలాది ముక్కులు టకటకమంటూ మోత మొదలుపెడతాయి మరి!

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలోని ఊరిది. ఆంధ్రప్రదేశ్‌కు ఉత్తరాన ఆ చివర, ఒడిశా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానం సీమ. హౌరా-చెన్నై మార్గంలో వెళ్లే రైళ్లలోంచి చూస్తే కనుచూపు మేర పచ్చదనమే. జూన్‌లో తొలి చినుకులు పడగానే కొంగలు గుంపులు గుంపులుగా ఇక్కడికి చేరుకుంటాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి నవంబరు, డిసెంబరుల్లో వెళ్లిపోతాయి. అంటే దాదాపు ఆర్నెల్లు!

పక్షులు గూళ్లు కట్టుకునే చోట్లు మన రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి. నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టే చెట్లు చెరువు నీళ్లలోనే ఉంటాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులోనూ చెరువే వాటి ఇల్లు. మనిషికీ పక్షికీ మధ్య నీళ్లు అడ్డుగోడలా నిలుస్తాయి. తేలుకుంచిలో ఆ గోడ లేదు. ఇళ్ల మధ్య చింతచెట్టుంటే దాని మీదే కాపురం. కింద మనుషులు, పైన కొంగలు.

ఇంతకీ ఎవరీ అతిథులు?

ఇంగ్లిషులో ఏషియన్ ఓపెన్‌బిల్ అంటారు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది, అందుకే ఆ పేరు. నత్తల్ని తినే కొంగ కాబట్టి మనవాళ్లు నత్తగుల్ల కొంగ అన్నారు. మన పేరే ఎక్కువ విషయం చెబుతోంది. పిల్లలకు పుట్టుకతో ఆ సందు ఉండదు. ముక్కు నిటారుగా ఉంటుంది, పెరిగేకొద్దీ వంపు తిరిగి సందు ఏర్పడుతుంది.

చిత్రమేమిటంటే, ఇంత గోల చేసే ఈ పక్షికి చెప్పుకోదగ్గ గొంతే లేదు. కొంగజాతిలో పెద్ద పక్షులు చాలావరకు మౌనులే. కోయిలలా పాడలేవు, కాకిలా అరవలేవు. అందుకే చెప్పాల్సిందంతా ముక్కుతో చెబుతాయి. జోడీ గూటికి రాగానే పలకరింపుగా టకటక. పక్క గూటిలోంచి ఎవరైనా పుల్ల లాగబోతే కోపంగా టకటక. (పుల్లల దొంగతనం ఈ కాలనీల్లో మామూలే.) గుడ్లు పొదిగే రోజుల వరకు ఇది భరించదగ్గ సంగీతమే అనుకోవాలి.

అసలు కథ పిల్లలు బయటికొచ్చాక మొదలవుతుంది. ఒక్కో గూటిలో రెండు నుంచి అయిదు దాకా గుడ్లు. పాతిక రోజులకు పిల్లలవుతాయి. ఆ తర్వాత నెలరోజులకు పైగా గూట్లోనే మకాం. వాటికి మాత్రం గొంతు ఉంది. ఆకలేస్తే బొంగురుగా ఒకటే అరుపు. చెట్టుకు ఇరవై గూళ్లు, గూటికి ముగ్గురేసి లెక్కేసుకున్నా అరవై ఆకలి గొంతులు! వెలుగు రేఖ కనిపించగానే పెద్దవి పొలాల మీదికి వెళ్తాయి. మేతతో ఒక్కటి తిరిగొచ్చిందంటే చాలు, చెట్టు చెట్టంతా లేస్తుంది. కింద గదిలో పొద్దుపోయి పడుకున్నవాడి గతి ఏంకాను?

చెవులతో పోతే బాగుండేది. రెట్టలు, జారిపడిన నత్తల తునకలు, నీచు వాసన... వాన పడి ఎండ కాసిన రోజు ఇక చెప్పక్కర్లేదు. ఆ చెట్ల కింద బట్టలు ఆరేయడానికి లేదు, ధాన్యం ఎండబెట్టడానికి లేదు, నులక మంచం వేసుకుని నడుం వాల్చడానికి అసలే లేదు. నీళ్ల బిందెలకు మూత తప్పనిసరి. ఈ ఊళ్లోవాళ్ల సర్దుబాటంతా ఇలాంటి చిన్నచిన్న జాగ్రత్తల్లోనే ఉంది. చెట్టును ఏమీ అనకుండా తామే కాస్త పక్కకు జరగడం అన్నమాట.

ఎందుకంత ఓపిక అంటే, ఊరి నమ్మకం ఒకటుంది. కొంగలొస్తే వానలొస్తాయి, పంటలు పండుతాయి. సైబీరియా నుంచి వస్తాయని కూడా చెబుతారు. రెండో మాట నిజం కాదు. నత్తగుల్ల కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి, సైబీరియా చలితో దానికి పనిలేదు. తిరగడం మాత్రం బాగానే తిరుగుతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి రింగు వేసి వదిలిన పక్షులు దాదాపు 800 కిలోమీటర్ల అవతల కనిపించాయి. ఇక మొదటి మాటలో నిజం తిరగబడి ఉంది. ఎండాకాలమంతా బురదలోకి దిగిపోయి ముడుచుకున్న నత్తలు తొలి వానకు పైకి వస్తాయి. వాటికోసం కొంగలు వస్తాయి. వరిచేలో నత్తల్ని ఏరితినే కూలీలు ఊరికే దొరికినట్టే కదా, రైతుకు అదీ లాభమే. వేళ్లు దేన్నిబట్టి ఏది వస్తుందో తేల్చుకోనక్కర్లేదు, రెండూ కలిసొస్తే చాలు!

ఇలాంటి బేరం పాతదే. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు, తమ చెరువు పక్షుల్ని తెల్ల సిపాయిలు తుపాకులతో కాలుస్తున్నారని 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టరు దగ్గరికి వెళ్లి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువని వాళ్లకు తెలుసు. శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టిలో పక్షులు బెదురుతాయని దీపావళికి టపాకాయలే కాల్చరు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనైతే వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. గూళ్లున్న చెట్ల యజమానులకు అక్కడి అటవీశాఖ పరిహారం కూడా ఇస్తుంది.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. ప్రేమ ఒక్కటే చెట్టును నిలబెట్టదు. పెరట్లోని చింతచెట్టు ఒక కుటుంబం ఆస్తి. రెట్టల ఘాటుకు కొమ్మలు మాడతాయి, కాపు తగ్గుతుంది. అన్నదమ్ములు పంచుకున్న స్థలంలో ఇల్లు కట్టాలంటే ముందు అడ్డొచ్చేది ఆ చెట్టే. గూళ్లనూ గుడ్లనూ పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. అయితే కొంగలు వెళ్లిపోయాక, గూళ్లు ఖాళీ అయ్యాక ఏం జరిగినా అడిగేవారెవరు? దానికితోడు తుపానులు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తోటలకు తోటలే నేలకూలాయి. కొత్తగా నాటిన చింతమొక్క గూళ్లు మోసేంత చెట్టు కావాలంటే ఒక తరం పడుతుంది. ఊరి సహనానికి పేరుపెట్టి మెచ్చుకునే మనం, ఆ సహనం ఖర్చు ఎవరి పెరట్లో పడుతోందో కూడా చూడాలి.

మీ కిటికీ దగ్గరా కోయిలేనా?

పట్నంలో అపార్ట్‌మెంటువాసులకు కొంగల బెడద లేదు. కోయిల ఉంది. వేసవిలో నాలుగున్నరకే కుహూ అంటూ స్థాయి పెంచుకుంటూ పోయే మగ కోయిల మీద విసుక్కునే వారు ఎందరో! తెల్లవారుజామున గాలి నిలకడగా ఉంటుంది, వాహనాల రొద ఉండదు, పాట చాలా దూరం పోతుంది. మేత వెతుక్కునేంత వెలుతురు ఇంకా రాదు కాబట్టి వాటికి అదే తీరిక. వీధిదీపాలు కొన్ని పక్షుల్ని ఇంకా ముందే లేపుతాయి. అందుకని చెట్టు మీద పడే మీ బాల్కనీ లైటు రాత్రి ఆర్పేయండి. మంచం తల చెట్టువైపు కాకుండా తిప్పండి. ఆ వైపు కిటికీకి దళసరి కర్టెన్ వేయండి. ఫ్యాను చప్పుడు కూడా కొంత కప్పేస్తుంది. రోజూ ఒకేలా వినిపించే శబ్దానికి మెదడు మెల్లగా అలవాటు పడుతుందన్నది తేలుకుంచి ఇళ్లకు చెప్పక్కర్లేదు.

చూడాలనుకుంటే ఆగస్టు, సెప్టెంబరు నెలలు మంచివి. గూళ్లలో పిల్లలుంటాయి. ఇచ్ఛాపురంలో రైలు దిగి ఆటోలో వెళ్లొచ్చు. చెట్ల కింద కేకలు వేయడం, రాళ్లు రువ్వి ఎగరేయడం చేయొద్దు. బెదిరిన పిల్ల గూట్లోంచి జారితే బతకడం కష్టం. సెప్టెంబరు దాటాక వెళితే టెక్కలి దగ్గరి తేలినీలాపురం కూడా కలిపి చూసి రావొచ్చు, అక్కడ గూడబాతులు మార్చి దాకా ఉంటాయి. వెంట గొడుగు మాత్రం మరిచిపోకండి. వానకోసం కాదు!